శరీరాన్ని అతిశీతలంలో దాచే సంస్థలో చేరాలనుంది... నా గుండెజబ్బుతో కుదురుతుందా?

ప్రశ్న: నా వయసు 61. అనంతపురంలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. పదేళ్లుగా షుగర్ ఉంది. రెండేళ్ల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. చనిపోయాక శరీరాన్ని ద్రవ నత్రజనిలో దాచే క్రయోనిక్స్ గురించి చదివాను. అమెరికా సంస్థలో సభ్యత్వం తీసుకోవాలనుకుంటున్నా. అక్కడే ఉన్న మా అబ్బాయి సరేనన్నాడు, మా ఆవిడ ససేమిరా అంటోంది. నా జబ్బులతో ఇది కుదురుతుందా? మరణం నిర్ధారించగానే హెపారిన్ ఇస్తారట. ఆ ఇంజెక్షన్లు ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు హెపారిన్ సంగతి. తెచ్చి పెట్టుకోవద్దు. రక్తం గడ్డకట్టకుండా దాన్ని వాడే మాట నిజమే. కానీ గుండె ఆగాక మందు సూది గుచ్చిన చోటే ఉండిపోతుంది. ఛాతీని యంత్రంతో నొక్కుతూ రక్తాన్ని తిప్పితేనే మెదడుదాకా వెళ్తుంది. ఆ యంత్రం, దాన్ని నడిపే మనిషి, ఒళ్లంతా మునిగే ఐసునీళ్ల తొట్టి మంచం పక్కన లేనప్పుడు హెపారిన్ ఒక్కటీ ఉండి ప్రయోజనం లేదు. పైగా స్టెంట్ ఉంది కాబట్టి మీరు ఇప్పటికే ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటారు. షుగర్ పడిపోయి స్పృహ తప్పినప్పుడు ఎవరైనా కంగారుపడి ఆ సూది వేస్తే, గ్లూకోజుతో లేచి కూర్చోవాల్సిన మనిషికి రక్తస్రావం తెచ్చిపెట్టినట్టే.

సభ్యత్వానికి షుగర్ గానీ స్టెంట్ గానీ అడ్డు కాదు. అడ్డు వచ్చేది మరణం వచ్చే తీరు.

ఎదకొచ్చిన ఆవుకి సూది వేయడానికి గోపాలమిత్ర తెచ్చే క్యాన్ చూసే ఉంటారు. మూత తీయగానే తెల్లటి పొగ వస్తుంది. లోపల మైనస్ 196 డిగ్రీల నత్రజని. పావు మిల్లీలీటరు వీర్యం ఉన్న స్ట్రాను పట్టకారుతో తీసి, గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ముంచితే కణాలు మళ్లీ కదులుతాయి. ఐవీఎఫ్ కేంద్రాల్లో పిండాలను దాచేదీ ఇదే చలిలో. అలా దాచిన పిండం నుంచి తొలి బిడ్డ 1984లో ఆస్ట్రేలియాలో పుట్టింది. అంటే చలి దానంతటదే ప్రాణం తీయదు. చిక్కంతా పరిమాణంలో ఉంది. స్ట్రా సన్నం కాబట్టి చలీ, రక్షక ద్రవమూ ప్రతి కణానికీ ఇట్టే అందుతాయి. మెదడు దాదాపు 1.4 కిలోలు. చుట్టూ ఎంత ఐసు పేర్చినా నడిమధ్య చల్లబడటానికి గంటలు పడుతుంది.

రక్షక ద్రవం ఎందుకంటే, కణంలో నీరు గడ్డకడితే మంచు స్ఫటికాలు గోడల్ని చీల్చేస్తాయి. డీప్ ఫ్రిజ్‌లో పెట్టిన టమాటా బయటికి తీస్తే మెత్తబడి నీరు కారుతుంది చూడండి, అదే జరుగుతుంది. అందుకే రక్తాన్ని తీసేసి ఇథిలీన్ గ్లైకాల్, డైమిథైల్ సల్ఫాక్సైడ్ లాంటి ద్రవాలను నాళాల గుండా ఎక్కిస్తారు. గాఢత మెల్లగా పెంచుతారు, ఒక్కసారిగా పెంచితే కణాలు ముడుచుకుపోతాయి. అన్నీ కుదిరితే సుమారు మైనస్ 120 దాటాక కణజాలం మంచు కాకుండా గాజులా బిగుస్తుంది. అక్కడి నుంచి తొందరపడితే గాజుకు పడ్డట్టే బీటలు పడతాయి.

ఇదంతా నాళాలు తెరుచుకుని ఉంటేనే. గుండె ఆగిన నాలుగైదు నిమిషాల్లో మెదడు కణాల్లో శక్తి నిల్వలు అయిపోతాయి. కణాలు ఉబ్బి, వెంట్రుకకన్నా సన్నని నాళాలను నొక్కేస్తాయి, వాటిలో రక్తం గడ్డకడుతుంది. తర్వాత ద్రవం ఎంత ఒత్తిడితో పంపినా అక్కడికి చేరదు, చేరని చోట మంచు తప్పదు. చాలా ఆలస్యమైన దేహాలకు ద్రవం ఎక్కించడం మానేసి నేరుగా గడ్డకట్టిస్తారు.

ఇప్పుడు మీ ఇంటి నుంచి లెక్క వేయండి. మీకున్న పెద్ద ముప్పు హఠాత్తుగా గుండె ఆగడం. అది నిద్రలోనో బస్సులోనో జరగొచ్చు, అప్పుడు పక్కన ఏ బృందమూ ఉండదు. కారణం తేలకపోతే పోలీసు విచారణ, పోస్టుమార్టం ఉంటాయి. పోస్టుమార్టంలో పుర్రె తెరిచి మెదడు కోస్తారు. అవన్నీ తప్పినా, మరణ ధ్రువీకరణ, పోలీసుల నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్ (దేహం చెడకుండా మందు ఎక్కించడం) సర్టిఫికెట్, సీలు వేసిన పెట్టె కావాలి. తర్వాత 44వ నంబరు హైవే మీద దేవనహళ్లి విమానాశ్రయానికి సుమారు 180 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఒక రోజు ప్రయాణం. ఎంబామింగ్‌లో ఎక్కించే ఫార్మాలిన్ కణజాలాన్ని బిగదీసేస్తుంది, ఆపై రక్షక ద్రవం సరిగా ఎక్కదు. అద్దెకు తెచ్చే ఫ్రీజర్ బాక్స్ కుళ్లు పట్టకుండా ఆపుతుందంతే, మెదడును కాపాడదు. ఈ లెక్కన అనంతపురంలో హఠాత్తుగా పోతే మీరు కట్టిన డబ్బుకు దక్కేది నేరుగా గడ్డకట్టించడమే.

డబ్బు సంగతీ చూడండి. మిషిగన్‌లోని క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో (1976లో పెట్టారు) పూర్తి శరీరానికి కనీస రుసుము 28,000 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే దాదాపు 24 లక్షలు. రవాణా, మంచం పక్కన ఉండే బృందం ఖర్చు వేరు. అరిజోనాలోని ఆల్కర్ అనే సంస్థలో పూర్తి శరీరానికి రెండు లక్షల డాలర్ల పైమాటే. అక్కడివాళ్లు జీవిత బీమాతో కడతారు. స్టెంట్ ఉన్న 61 ఏళ్ల మనిషికి కొత్త టర్మ్ పాలసీ దొరకడం కష్టం, దొరికినా ప్రీమియం మోత మోగుతుంది. అంటే రిటైర్మెంట్ డబ్బే తీయాలి. ఆ డబ్బు మీ శ్రీమతి గారి మిగతా జీవితానిది కూడా.

ఆమె ఒప్పుకోకపోతే వ్యవహారం అక్కడే ఆగుతుంది. వీలునామా ఆస్తికి చెల్లినట్టు దేహానికి చెల్లదు. దేహదానమే చూడండి, మెడికల్ కాలేజీకి మీరు రాసిచ్చినా ఇంట్లోవాళ్లు అప్పగించకపోతే కాలేజీ వచ్చి పట్టుకుపోదు.

తిరిగి బతికే అవకాశం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. 1967 జనవరిలో జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే ఆచార్యుడితో ఇది మొదలైంది. ఆయన దేహం ఇంకా నత్రజనిలోనే ఉంది. ఇంతవరకు ఎవరినీ లేపలేదు, లేపే పద్ధతీ లేదు. 2023లో మిన్నెసోటాలో ఎలుక కిడ్నీని వంద రోజులు ఇలా దాచి, వేడిచేసి, అమర్చితే పనిచేసింది. మంచి ముందడుగే, కానీ అది ఆరోగ్యంగా ఉన్న ఎలుక నుంచి తీసిన చిన్న కిడ్నీ. ఇక నిల్వకు కరెంటు అక్కర్లేదు గానీ నత్రజని నింపుతూనే ఉండాలి. కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్‌లో డబ్బు అందక నింపడం మానేస్తే తొమ్మిది దేహాలు కుళ్లిపోయిన సంగతి 1979లో బయటపడింది. క్యాన్‌లో మట్టం తగ్గితే స్ట్రాలు పాడైనట్టే.

ఇన్ని తెలిశాకా చేరతానంటే, కాస్త అర్థమున్న దారి ఒక్కటే. ముందే తెలిసి, నెలల వ్యవధి ఇచ్చే జబ్బు వచ్చినప్పుడు ఆ సంస్థకు దగ్గర్లోని హాస్పిస్‌కు (చివరి దశ రోగులను చూసుకునే చోటు) మకాం మార్చడం. వీసా, అక్కడి వైద్య ఖర్చు అబ్బాయితో ఇప్పుడే లెక్క వేయించండి. ఇద్దరు సాక్షులతో లివింగ్ విల్ (చివరి దశలో ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే చెప్పే పత్రం) రాసి నోటరీ చేయించండి, చివరి చికిత్స గురించి అది పనికొస్తుంది. కార్డియాలజిస్టు ఫైలు ఒకచోట ఉంచండి. ఇంట్లో సహజ మరణమైతే మరణ కారణం తెలిపే ఫారం 4ఏ రాసే డాక్టరుకు అదే ఆధారం.

నాకు మీ ఉత్తరంలో ఎక్కువ పట్టింది ‘రెండేళ్ల కిందట’ అన్న మాట. గుండెపోటు తర్వాత చావు భయం, తెల్లవారుజామున మెలకువ, దిగులు చాలామందికి వస్తాయి. వాటికి మందూ ఉంది, మాటలతో చికిత్సా ఉంది. మీకూ అలా ఉంటే సంతకానికి ముందు అనంతపురం పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఒకసారి చూపించుకోండి. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర), ఆస్పిరిన్ మీ డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 70 లోపు (55కి దిగితే ఇంకా మంచిది), బీపీ 130/80 లోపు, మూడు నెలల సగటు షుగర్ 7 దగ్గర ఉండాలి. ఈ మూడు రిపోర్టులూ తీసుకుని, మీ శ్రీమతి గారిని వెంటబెట్టుకుని కార్డియాలజిస్టును కలవండి.