ఆయన కోపం పుస్తకం మీద కాదు చెల్లె

చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. జగిత్యాల దగ్గర మీ ఊరు, మీ ఆయన దుబాయిల పదకొండేండ్లు చేసి వచ్చిండు, బిడ్డ తెచ్చిచ్చిన, వంటల పుస్తకాలు రాసిన అమెరికామె జూలియా చైల్డ్ జ్ఞాపకాల పుస్తకం నువ్వు మురుసుకుంట చదువుకుంట ఒకరోజు తినేకాడ ఆయనకు ఓ పేజీ వినిపిస్తే "పరాయి దేశం ముచ్చట నాకు చెప్పకు" అని కంచం జరిపి లేచిపోయిండు, అప్పటిసంది పుస్తకం బియ్యం డబ్బా ఎనక దాచి చదువుతున్న, నాదే తప్పా అని అడిగినవ్.

తప్పేం లేదు, ముందైతే ఆ పుస్తకం బయటికి తియ్యి. నాకు గూడ చాన ఇష్టం అది. జూలియా అప్పటికి 36 ఏండ్ల మనిషి, వంట అంతంత మాత్రమే, 1948ల ఫ్రాన్స్‌ల దిగిన రోజే రూఆన్ అనే ఊర్ల వెన్నల కాల్చిన చేప తిని పానం లేచొచ్చినట్టయి, తర్వాత పారిస్‌ల వంట బడిల చేరి మాజీ సైనికుల నడుమ నిలవడి నేర్చుకున్నది. పిల్లలు పెద్దగైనంక చదివే ఆడోళ్లకు అది ఎందుకు పట్టుకుంటదో నాకు ఎర్కే.

కానీ ఆమె మొగడు సర్కారు కొలువు మీద పోయిండు, ఆమెను ఎంట తీస్కపోయిండు, వాళ్ల కారు గూడ ఓడల ఎక్కించుకున్నరు. మీ ఆయన ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి ఒక్కడే పోయిండు, రూంల ఎనిమిది మంది అని నువ్వే రాసినవ్. డ్యూటీ దిగొచ్చి వంతులేస్కొని వండుకున్న పప్పు, ఎండిన ఖుబూస్ రొట్టె, ఊరోళ్ల సంచిల నువ్వు పంపిన తొక్కు. ఆ తొక్కు ఎన్ని రోజులు వచ్చేది, ఎవరెవరికి పెట్టేటోడు, అడిగినవా ఎప్పుడన్న? అన్నేండ్లు ఫోన్ల "తిన్నవా" అంటే "తిన్న" అనుడే నడిచింది గదా, ఏం తిన్నవని ఎవ్వరం అడుగం.

మా తమ్ముడు మస్కట్‌ల ఉన్నప్పుడు సంక్రాంతికి అమ్మ పంపిన సకినాలు చేరేసరికి పొడి పొడి అయినయట, రూంల అందరు ఆ పొడినే చెంచతోని పంచుకొని తిన్నరట. వచ్చిన నాలుగేండ్లకు చెప్పిండు, అది గూడ అమ్మ బట్ట మీద సకినాలు చుడుతుంటే పక్కన కూసొని, ఎవ్వరడుగకుండనే.

అందుకే ఆయనను కూసోబెట్టి అడుగకు. వంటింట్ల ఉల్లిగడ్డ కోసుకుంట "ఆడ మీరు పప్పుల ఏమేసేటోళ్లు" అని ఒక్క మాట అను, చెప్పకుంటె ఊకో, చెప్తే ఆయననే వండుమను. నేను మురిసింది ఆ దేశాన్ని చూసి కాదు, ఆమె నేర్చుకునుడు చూసి అని గూడ చెప్పు, ఆయనకు అది తెల్వది. నిద్ర పడ్తలేదు, రోజు తాగుతున్నడు అంటే మాత్రం ఆగకు, 14416కు ఫోన్ చెయ్యి, టెలీమానస్ అని మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైను, ఫ్రీ, తెలుగుల మాట్లాడ్తరు.

పుస్తకం అయిపోయినంక నాకు రాయి, ఆయన పప్పు వండితే అది గూడ రాయి.