వరంగల్‌లో ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకోవచ్చా? ఎంత ఖర్చవుతుంది?

తీసుకోవచ్చు. నేను తీసుకున్న. హనుమకొండలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను అన్నీ ఉండంగనే, నలభై దాటినంక.

ఖర్చు ముందే చెప్పేస్త, ఓపిక లేనోళ్లు ఇక్కడనే ఆగిపోవచ్చు. విమానాల లైసెన్సులిచ్చే కేంద్ర సంస్థ డీజీసీఏ లెక్క ప్రకారం కనీసం 40 గంటలు ఎగరాలె. నాకు 53 పట్టినయి. గంటకు 12 వేలు పడ్డది. పరీక్షలు, మెడికల్, కాజీపేట నుంచి హైదరాబాద్‌కు రైలు ఛార్జీలు, ఆదివారం పొద్దున స్టేషన్ల తిన్న ఇడ్లీలు అన్నీ కలిపితే ఏడున్నర లక్షలు.

ఈ లైసెన్సుతోని ఒక్క రూపాయి సంపాదించేది లేదు. జీతం తీసుకొని నడపాలంటే కమర్షియల్ లైసెన్సు కావాలె, దానికి 200 గంటలు. ఈ ముక్క మా పెద్దబావకు ఇప్పటికీ ఎక్కలేదు. "అన్ని లక్షలు పెడితివి, ఇండిగోవాళ్లు పిలుస్తలేరా?" అని ప్రతి పెండ్లిల అడుగుతడు. అదే పైసలతోని కారు కొన్నోణ్ణి మాత్రం ఎవరూ అడగరు.

అందరికన్న ముందు డాక్టరు దగ్గరికి పోండ్రి. క్లాస్ 2 మెడికల్, అంటే ఈ లైసెన్సుకు కావాల్సిన ఆరోగ్య పరీక్ష, చేయించుకున్నంకనే ఫ్లయింగ్ స్కూలుకు పైసలు కట్టాలె. నా బ్యాచ్‌ల ఒక పిల్లగాడు ఫీజు కట్టినంక మెడికల్‌కు పోతే, రంగుల పరీక్షల తప్పిండు. పాపం, వాడికి ఆ సంగతి అప్పటిదాకా తెల్వదు. అద్దాలుంటే భయం లేదు, నాకూ ఉన్నయి. ఇంకొకటి, ఎవడు డిస్కౌంట్ అన్నా మొత్తం ఒక్కసారే కట్టకుండ్రి. నేను రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చిన స్కూలుకు ఉన్నయే రెండు విమానాలు. పేరు చెప్పను. ఒకదానికి పార్టు రాలేదని ఐదు నెలలు షెడ్డులనే పెట్టిండ్రు. తెల్లారకముందే లేచి పోతే, "ఈ రోజు లేదు సార్, వచ్చే వారం" అనెటోళ్లు. మే నెల వచ్చిందంటే ఇంకో గోస. పొద్దున పది దాటితే ఎండకు గాలి పలచబడుతది, విమానం పైకి ఎక్కనంటది. ఎక్కినా గతుకుల రోడ్డు మీద ఆటో లెక్క కుదుపులు.

తెలుగు మీడియం చదివినం, రేడియోల ఇంగ్లిష్ ఎట్ల అని కొందరు నన్ను అడిగిండ్రు. నేనూ తెలుగు మీడియమే. అది ఇంగ్లిష్ కాదు, కండక్టరు కేకల లాంటిది. ఎక్కడున్నం, ఎంత ఎత్తులున్నం, ఏం చేయబోతున్నం, అంతే. కంట్రోల్ టవరోళ్లు చెప్పింది తిరిగి అప్పజెప్పాలె. తొమ్మిదిని నైనర్ అనాలె, ఐదుతోని కలవకుండ. కాన్వెంటు పిల్లలే ఎక్కువ మాట్లాడి తిట్లు తిన్నరు.

సోలో, అంటే మొదటిసారి ఒక్కణ్ణే ఎగిరిన సంగతి చెప్పకుంటే ఈ జవాబు రాసి లాభం లేదు. ఇరవై రెండో గంట అయినంక, నేర్పే సారు ఇంజన్ నడుస్తుండంగనే తలుపు తెరిచి దిగిండు. దిగి, ఖాళీ సీటు బెల్టును తనే బిగించి కట్టిండు, వదులుగ ఉంటే కంట్రోల్‌కు చుట్టుకుంటదని. మనిషి లేని సీటుకు కట్టిన బెల్టును చూస్తే నా నోరు ఎండిపోయింది. సెస్నా 152 అంటే ఇద్దరు భుజాలు ఆనించి కూర్చునే డబ్బా. అందుల నుంచి 80 కిలోల మనిషి దిగితే అది ఇంకో బండి అయితది. ఎప్పుడూ లేవని కాడనే లేచింది. గాలిపటం లెక్క పోయింది. వెయ్యి అడుగుల మీద రన్‌వేను ఎడమ దిక్కు పెట్టుకొని పోతుంటే, నా అంతల నేనే లెక్కలు పైకి చదువుకుంట పోయిన. ఎవరికి చెప్తున్ననో నాకే తెల్వదు.

దిగేటప్పుడు దొరికిపోయిన. బరువు తగ్గింది కద, ముక్కు లేపంగనే కింద ఆనక రన్‌వే మీద తేలుకుంట పోతున్నది. రన్‌వేల మూడోవంతు వెనకకు పోయింది. బలవంతంగ ఆనిస్తే ముక్కు చక్రం తగులుతది. అప్పుడు ఫుల్ థ్రాటిల్ ఇచ్చిన, ఇంజన్‌కు వేడిగాలి ఇచ్చే కార్బ్ హీట్ మీటను లోపలికి నూకి బంద్ చేసిన, రెక్కల వెనక వాలి ఉన్న ఫ్లాప్స్ ముందు 20 డిగ్రీలకు, ఎక్కుతుంటే మెల్లగ మొత్తం తీసిన. రేడియోల "గోయింగ్ అరౌండ్", అంటే దిగకుండ మళ్లా చుట్టు తిరిగి వస్తున్న, అన్న గొంతు నాది కాదు అనిపించింది. రెండోసారి దూరం నుంచే స్పీడు పట్టుకొని వచ్చిన, కుయ్ మని ఆనింది.

షెడ్డు దగ్గర బకెట్ నీళ్లు నెత్తి మీద పోసిండ్రు, అది రివాజు. సారు మాత్రం "రెండు చుట్లు, ఒక్క ల్యాండింగ్. బిల్లు ఎక్కువైతది" అన్నడు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

ఇక కడుపు మండే ముచ్చట. మాకు వరంగల్ పక్కనే మామునూరు ఎయిర్‌పోర్టు ఉన్నది. 1930లో నిజాం కట్టించిండు, 1981 దాకా నడిచింది. నాకు బుద్ధి తెలిసేటాలకు గడ్డే. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకోటి రావొద్దనే షరతు అడ్డం పడ్డది, ఆఖరికి 2025 ఫిబ్రవరిల కేంద్రం ఒప్పుకున్నది. రేపు పెద్ద విమానాలు దిగుతయి, మంచిదే. గని ఓ మూలకు రెండు సెస్నాలు పట్టే షెడ్డుకు జాగ ఇస్తే ఏం పోతది? మా ఊళ్లె రన్‌వే పెట్టుకొని నేను ప్రతి ఆదివారం 130 కిలోమీటర్లు రైల్ల పోవుడేంది?

బాపు ఆర్టీసీ డ్రైవరు. చిన్నప్పుడు ఖమ్మం రోడ్డు మీద పోయినప్పుడల్లా ఆ గడ్డిని చూపించి "అగో, గాలిమోటరు స్టేషన్" అనెటోడు. నేను నేర్చుకుంటున్న అంటే ఒక్కటే అడిగిండు, "దానికి రివర్స్ గేరు ఉంటదా?" అని. లైసెన్సు వచ్చినంక తీసుకపోయి పక్కన కూర్చోబెట్టుకొని ఒక చుట్టు తిప్పిన. పైన ఒక్క మాట మాట్లాడలేదు, సూదులనే చూసుకుంట కూసున్నడు. దిగినంక విమానాన్ని షెడ్డులకు వెనకకు పెట్టాలె. ముందు చక్రానికి కడ్డీ తగిలించి నేను తిప్పుతున్న. ఏండ్లకేండ్లు బస్సు నడిపిన మనిషి, రెక్క కింది కడ్డీకి రెండు చేతులు ఆనించి నూకుకుంట అన్నడు:

"ఏడు లక్షలు పెడితివి గని, దీనికి రివర్సు లేదురా."