పారాథైరాయిడ్‌ను నమ్ముకోవచ్చా?

ప్రశ్న: బయోకెమిస్ట్రీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. పారాథైరాయిడ్ గడ్డల్లో ఆంకోజీన్ (క్యాన్సర్‌కు దారితీయగల జన్యువు) ప్రోటీన్ల గురించి సెమినార్ ఇచ్చాను. అప్పటినుంచీ దీనిమీదే పరిశోధన చేయాలని ఉంది. అంత చిన్న గ్రంథిని నమ్ముకుంటే భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: గ్రంథి చిన్నదన్న బెంగ వద్దు. మెడలో థైరాయిడ్ వెనకాల ఉండే ఈ గ్రంథులు ఒక్కోటి 30-50 మిల్లీగ్రాములే తూగినా, రక్తంలో కాల్షియం అదుపు తప్పకుండా చూసేది అవే. అయితే మీకు నచ్చింది ఆ గ్రంథా, అందులోని ప్రశ్నా? ముందు అది తేల్చుకోండి.

ఎందుకంటే ప్రశ్న చాలా గొప్పది. కొన్ని అడినోమాల్లో (గ్రంథిలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డల్లో) 11వ క్రోమోజోమ్‌లోని ఒక భాగం తలకిందులవుతుంది. దాంతో పారాథైరాయిడ్ హార్మోన్ జన్యువును నడిపించే భాగం వెళ్లి, కణవిభజనను నడిపే సైక్లిన్ డి1 అనే ఆంకోజీన్ పక్కన చేరుతుంది. హార్మోన్ తయారీకి అందాల్సిన ఆదేశం కణవిభజనకు అందుతుంది. ఈ తారుమారు జరిగేది కొద్దిపాటి గడ్డల్లోనే. సైక్లిన్ డి1 ప్రోటీన్ మాత్రం 20-40 శాతం అడినోమాల్లో ఎక్కువగా కనిపిస్తుంది, కొన్ని హైపర్‌ప్లాసియాల్లోనూ (కణాలు ఎక్కువై గ్రంథి ఉబ్బినప్పుడు) ఉంటుంది. మరి మిగతావాటిలో అది ఎలా పెరిగింది? జబ్బుకు మూలం అదేనా, లేక కణాలు విభజన చెందుతున్నాయనడానికి గుర్తు మాత్రమేనా? ఆ ప్రోటీన్ ఉందని చూపే గోధుమరంగు స్లైడు మీద తేలినంత మాత్రాన జవాబు దొరకదు.

రోగుల నమూనాలు చూసి రిపోర్టు ఇవ్వాలని ఉంటే వైద్యవిద్య, ఆపైన పాథాలజీ చదవాలి. మీ డిగ్రీతో అక్కడికి నేరుగా దారి లేదు. కారణం వెతకాలని ఉంటే మాలిక్యులర్ బయాలజీలో పీజీ, తర్వాత పీహెచ్‌డీ. మీ ఉత్తరం చూస్తే మీది రెండో దారే అనిపిస్తోంది.

ఒక్క హెచ్చరిక. ఈ కణాలను ల్యాబ్‌లో ఎక్కువకాలం పెంచడం కష్టం కాబట్టి, ఆపరేషన్‌లో తీసిన కణజాలమే ఆధారం. పారాథైరాయిడ్ క్యాన్సర్ మరీ అరుదు. అందుకే గైడ్‌ను కలిసినప్పుడు మొహమాటపడకుండా అడగండి: ఎన్ని నమూనాలున్నాయి, ఏ సర్జన్, ఏ పాథాలజిస్టు ఇస్తున్నారు? సరైన జవాబు రాకపోతే ఆ టాపిక్ తీసుకోవద్దు. మూడేళ్లు నమూనాల కోసం ఎదురుచూస్తూ గడపడం చాలా బాధాకరం.

ఈలోగా ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీలతో కణజాలంలో ప్రోటీన్‌కు రంగు పట్టించి చూసే పద్ధతి) చేత్తో చేసి నేర్చుకోండి. కంట్రోల్స్ (ఫలితం ముందే తెలిసిన, పోల్చి చూసే నమూనాలు) పెట్టడం, రోగ నిర్ధారణ తెలియకుండా స్కోరు వేయడం అలవాటు చేసుకోండి. స్టాటిస్టిక్స్ కూడా వదలొద్దు. మాంటిల్ సెల్ లింఫోమా అనే రక్తకణాల క్యాన్సర్‌ను గుర్తించేదీ సైక్లిన్ డి1తోనే, కాబట్టి రేపు గ్రంథి మారినా పని చేతిలో ఉంటుంది.

సెమినార్‌కు చదివిన పేపర్లు మళ్లీ తీయండి. గడ్డను మామూలు గ్రంథితో పోల్చి చూసినవి ఎన్నో లెక్కపెట్టి, నాకు రాయండి.