పక్షవాతం వచ్చిన అమ్మగారితో విశాఖ ప్రయాణం: ముందుగా అడిగి తెలుసుకోవలసినవి

పక్షవాతం వచ్చాక చక్రాల కుర్చీలోనే ఉంటున్న మీ అమ్మగారిని హైదరాబాదు నుంచి విశాఖపట్నం తీసుకువెళ్లవచ్చునా అని అడిగారు. నిస్సందేహంగా తీసుకువెళ్లవచ్చు. పోలియో వల్ల చిన్నతనం నుంచి చంకకర్రలతోను, కొన్నేళ్లుగా చక్రాల కుర్చీలోను తిరుగుతున్న నా అనుభవంలో ఇటువంటి ప్రయాణాలు ఎక్కువగా చెడేది బసలోని స్నానాలగది దగ్గరే.

చక్రాల కుర్చీకి వీలుందా అని ఫోనులో అడిగితే "లిఫ్టు ఉందండీ" అనే జవాబు వస్తుంది. ఆ లిఫ్టును చేరడానికి వాకిట్లో నాలుగు మెట్లు ఎక్కాలన్న సంగతి అక్కడికి వెళ్లాక గాని తెలియదు. అందుకే నేను కొలతలే అడుగుతాను: స్నానాలగది తలుపు పూర్తిగా తెరిస్తే ఎన్ని అంగుళాల దారి వస్తుంది, గడప ఎంత ఎత్తు, కమోడు పక్కన కుర్చీ నిలిపే చోటుందా. మామూలు చక్రాల కుర్చీ వెడల్పు 24 నుంచి 26 అంగుళాల వరకు ఉంటుంది, చాలా చోట్ల ఆ తలుపు అంతకంటే ఇరుకు. టేపు పెట్టి కొలిచి ఫోటో పంపమంటే విసుక్కునేవారి దగ్గర గది తీసుకోకపోవడమే మేలు. ఒక లాడ్జిలో నా కుర్చీ పట్టక, ప్లాస్టిక్ కుర్చీలోకి మారి, దానినే లోపలికి ఈడ్పించుకోవలసి వచ్చింది. ఇప్పుడు మడతపెట్టే కమోడు కుర్చీ లేకుండా నేను ఊరు కదలను.

రైలు విషయానికి వస్తే, వందే భారత్ చివరి పెట్టెలలో చక్రాల కుర్చీ నిలిపే చోటు, విశాలమైన మరుగుదొడ్డి ఉంటాయి గాని, ఒక పక్క పట్టులేని మనిషి 8 గంటలకు పైగా కూర్చోవడం కష్టం. రాత్రి రైలులో కింది బెర్తు మీద పడుకుని వెళ్లడం ఒంటికి సుఖం, కాకపోతే ఆ నిటారు మెట్ల మీదుగా ఎక్కించడానికి ఇద్దరు బలమైనవారు కావాలి. తోడు లేకుండా ప్రయాణించలేనివారికి రైల్వేవారి దివ్యాంగుల కార్డు ఉంటే, మామూలు రైళ్లలో స్లీపరు, థర్డ్ ఏసీ తరగతులలో వారికీ తోడు వచ్చేవారికీ 75 శాతం రాయితీ దొరుకుతుంది.

విమానమైతే టికెట్టు తీసుకునేటప్పుడే, ఆలస్యమైనా 48 గంటల ముందు, చక్రాల కుర్చీ కావాలని తెలపండి. ఆ ఒక్క మాటతో ఊరుకోక, మెట్లు ఎక్కలేరని, సీటు వరకు నడవలేరని విడమరచి చెబితేనే లోపలి ఇరుకు దారిలో పట్టే సన్నని కుర్చీ సిద్ధం చేస్తారు. ఈ సహాయానికి రుసుము లేదు.

విశాఖలో సాయంత్రం బీచ్ రోడ్డు, వాహనం పైవరకు వెళ్లే కైలాసగిరి మీ అమ్మగారికి హాయిగా ఉంటాయి. కురుసుర జలాంతర్గామి లోపలి దారి బాగా ఇరుకు, బయటి నుంచి చూపించండి. మెట్లెక్కువ గనుక బొర్రా గుహలు వద్దు.

ఆవిడ ఒకరి ఆసరాతో కాసేపైనా నిలబడగలరా, కుర్చీ వెడల్పు ఎంత అన్నది రాస్తే, రైలా విమానమా అన్నది ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.