టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి తుపాకీతో ఇల్లు మారేటప్పుడు

డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు మారుతున్నామని, మీకు గ్రీన్‌కార్డు, మీ శ్రీమతికి హెచ్-1బీ వీసా అని, 15 తూటాలు పట్టే మ్యాగజైన్ (తూటాల అర) ఉన్న పిస్టల్‌ను వెంట పెట్టుకునేందుకు టెక్సాస్ లైసెన్సు ఉందని రాశారు. నేనూ అదే దారిలో వచ్చినవాడిని కాబట్టి చెబుతున్నాను.

ఆ లైసెన్సు ఇక్కడ చెల్లదు. బయటి రాష్ట్రాల లైసెన్సు దేన్నీ న్యూజెర్సీ గుర్తించదు. పెన్సిల్వేనియా లైసెన్సు ఉన్న ఒక మహిళను 2013లో ఇక్కడ ట్రాఫిక్ పోలీసులు ఆపితే, తన దగ్గర తుపాకీ ఉందని ఆమే నిజాయితీగా చెప్పి అరెస్టయ్యారు. కనీసం మూడున్నరేళ్ల జైలు తప్పదన్న పరిస్థితి వచ్చింది. 2015లో గవర్నర్ క్షమాభిక్ష పెట్టారు. మనకు ఇంకో ప్రమాదం ఉంది: తుపాకీ నేరం రుజువైతే ఫెడరల్ వలస చట్టం కింద గ్రీన్‌కార్డుదారును దేశం నుంచి పంపేయవచ్చు. ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న కార్డు విషయంలో మొదటికే మోసం వస్తుంది.

అందుకే మీ పిస్టల్ కన్నా ముందు మ్యాగజైన్ సంగతి చూడండి. 2018 చట్టం ప్రకారం ఇక్కడ 10 తూటాలకు మించినది ఉండకూడదు. తుపాకీతో రాష్ట్రాలు దాటి వెళ్లేవారిని దారిలో కాపాడే 1986 నాటి ఫెడరల్ చట్టం కూడా బయలుదేరిన చోటా, చేరే చోటా ఆ ఆయుధం చట్టబద్ధమైతేనే వర్తిస్తుంది. కాబట్టి 15 తూటాల మ్యాగజైన్లు అక్కడే అమ్మేసి, 10 తూటాలవి కొనుక్కుని బయలుదేరండి. నేను అలాగే చేశాను.

ప్రయాణంలో తూటాలు తీసేసిన పిస్టల్ తాళం వేసిన పెట్టెలో, పెట్టె డిక్కీలో ఉండాలి. తూటాలు విడిగా పెట్టండి. డ్యాష్‌బోర్డు అర పనికిరాదు. సామాను లారీలో పంపుదామనుకుంటే, చాలా కంపెనీలు తూటాలు ఎక్కించుకోవు. విమానం నాకు నచ్చని దారి. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న ఒకాయన న్యూజెర్సీలోని నువార్క్‌లో తదుపరి విమానం అందక, తుపాకీ ఉన్న పెట్టె తీసుకుని హోటల్‌లో పడుకున్నాడు. మర్నాడు విమానాశ్రయంలో అరెస్టు. పెట్టె ఆ రాత్రి అతని చేతికి అందుబాటులో ఉంది కనుక ఫెడరల్ రక్షణ వర్తించదని అప్పీలు కోర్టు 2010లో తేల్చింది.

వచ్చాక అసలు పని మొదలవుతుంది. 2022 చట్టం ప్రకారం కొత్తగా స్థిరపడినవారు 60 రోజుల్లోపు తుపాకీదారు గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసి, వెంట తెచ్చిన హ్యాండ్‌గన్ నమోదు చేయించుకోవాలి. దరఖాస్తు మీ ఊరి పోలీసు శాఖకే వెళ్తుంది. వేలిముద్రలు, మానసిక ఆరోగ్య రికార్డులు చూసేందుకు అనుమతి పత్రం, భద్రతా శిక్షణ ధ్రువపత్రం కావాలి. నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం హామీదారుల గడి. బంధువులు కాని ఇద్దరు మీ గురించి చెప్పాలి. మనవాళ్లను అడిగి చూడండి! ఏళ్లుగా నా ఇంట్లో భోంచేసిన మిత్రుడు, "తుపాకీ కాగితాల మీద నా పేరెందుకన్నా, రేపు నా గ్రీన్‌కార్డుకు అడ్డం వస్తే?" అని తప్పుకున్నాడు. చివరికి పక్కింటి పెద్దాయన, ఆఫీసులో సహోద్యోగి ఒకరు ఒప్పుకున్నారు. మీరు బయలుదేరక ముందే ఆ ఇద్దరినీ చూసుకోండి. ఈ గుర్తింపు కార్డు వచ్చినా తుపాకీ నడుముకు పెట్టుకుని తిరగడానికి వీల్లేదు, దానికి వేరే పర్మిట్ కావాలి.

ఇక మీ శ్రీమతి సంగతి. హెచ్-1బీ వంటి వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది గానీ, దాన్ని నమ్ముకునే ముందు వలస న్యాయవాదిని అడగండి. అంతవరకు ఇంట్లో సేఫ్ కొని, కోడ్ మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోండి. షూటింగ్ రేంజికి సరదాగా తీసుకెళ్లి ఆమె చేతికి పిస్టల్ ఇవ్వడం, ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. ఇన్ని తంటాలు అవసరమా అనిపిస్తే పిస్టల్‌ను డాలస్‌లోనే లైసెన్సున్న దుకాణానికి అమ్మేసి రండి.