పితికే మనిషి పోతే గేదె పాలివ్వదా?
రోజూ పితికే మనిషి చనిపోతే గేదె పాలు తగ్గించడం నిజమే, కానీ పాలు వెంటనే ఆరిపోవు, చేపు రాదు, అంటే పాలు పొదుగులో కిందికి దిగవు, అంతే. గేదె పాలలో దాదాపు 95 శాతం పొదుగు లోపలి సన్నని తిత్తుల్లోనే ఉంటాయి, ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలైతేనే కిందికి దిగుతాయి, కొత్త చెయ్యి, కొత్త గొంతు, ఇంటినిండా జనం చూసి గేదె బెదిరితే ఆ హార్మోన్ సరిగ్గా పనిచేయదు. కోనసీమలో కొబ్బరితోట పక్క పాకలో ఇన్నాళ్లూ తాతే పితికిన గేదె దగ్గర మనవడు కూర్చుంటే, కాలు విదిలించి, కుడితి కూడా వదిలేసి వాకిలి వైపు చూస్తూ నిలబడుతుంది. చాలామంది ఒట్టిపోయిందనో దిష్టి తగిలిందనో అనుకుని అమ్మేస్తారు, పాపం. పాలు దిగడానికని వేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ జోలికి అసలు పోవద్దు. ముందు దూడను వదిలి, అదే వేళకి, ఒక్క మనిషే కొన్నాళ్లు ఓపిగ్గా పితికితే చాలావరకు మళ్లీ చేపుతుంది.