ఒక్క ఆర్డరుకి బదులు అన్నీ మారిపోతుంటే

మీ పీహెచ్‌పీ పేజీకి లింక్ చివర ఐడీ 7 అని పంపినా టేబుల్లోని ఆర్డర్లన్నీ 'డెలివర్డ్' అయిపోతున్నాయన్నారు కదా, మీ క్వెరీలో, అంటే డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశంలో, అప్‌డేట్ ఉంది, సెట్ ఉంది, ఏ వరుసను మార్చాలో చెప్పే వేర్ మాత్రం లేదండీ. అది లేకపోతే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మామూలుగా మిమ్మల్ని ఏమీ అడగదు, టేబుల్ మొత్తం మార్చేస్తుంది. ముందు బ్యాకప్ తీసుకోండి, తర్వాత వేర్ ఐడీ చేర్చండి.

అలాగని లింక్‌లో వచ్చిన ఐడీని నేరుగా క్వెరీలో అతికించొద్దు, ప్లీజ్. ఎవరైనా అడ్రస్ బార్‌లో 7 పక్కన 'ఆర్ 1=1' (లేదా 1=1, అంటే ఎప్పుడూ నిజమయ్యే షరతు) అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే చాలు, మళ్లీ అన్ని రికార్డులూ మారిపోతాయి. పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పీడీఓలో ప్రిపేర్ వాడి, విలువ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, అసలు ఐడీని ఎగ్జిక్యూట్‌కి ఇవ్వండి.

ఇంకో మాట, అసలు ఈ పనికి మామూలు లింకే వద్దు. 2005లో, పేజీలు త్వరగా తెరుచుకునేలా చేసే గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ పేజీలోని లింకులను ముందుగానే తెరిచేస్తుంటే, డిలీట్ లింకులున్న సైట్లలో జనం డేటా పోయింది. చిన్న ఫారం పెట్టి, లాగిన్ చెక్ చేసి, సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్‌తో (ఫారం మీ సైటు నుంచే వచ్చిందని తేల్చే రహస్య కోడ్) పోస్ట్ పద్ధతిలో పంపండి. చివర్లో, ఎన్ని వరుసలు మారాయో చెప్పే రోకౌంట్ చూడండి, 1 వస్తే సరే, 0 వస్తే ఆ ఐడీ లేదు లేదా స్టేటస్ ముందే అదే ఉంది.